ఊఁ కొట్టే పెట్టె

వయాలాలో గురువారం సాయంత్రం
ఉక్కు కార్ఖానా దుమ్ము బడి కిటికీల మీద
వేలితో పేరు రాసుకునేంత పేరుకుంటుంది.
వడ్రంగం గది వెనక, రంపపు పొట్టు వాసనలో
మా జట్టు: ఆరుగురు పిల్లలు, ఒక రోబో,
బిస్కెట్ డబ్బాలో నూట నలభై డాలర్లు.

డబ్బా మరిసెల్ చేతిలో ఉంటుంది.
రోబోకి మంచి రేడియో కొందామని నేనంటే
మూత తీసి నాకు చూపించింది.
మాటేం అనలేదు.

శనివారం పాతసామాను కొట్టుకి వెళ్ళాం.
కాలిన టోస్టర్లకీ, జత తప్పిన బూట్లకీ మధ్య
ఒక రౌటర్. రెండు కొమ్ముల్లో ఒకటి విరిగింది.
ఎనిమిదన్న ముసలాయన దాన్ని తిప్పి చూసి
"ఒంటికొమ్ము మేక, ఐదివ్వండి" అన్నాడు.

దాని కడుపులో ఇంకా ఎవరి ఇంటి పేరో ఉంది.
పెన్సిల్ మొనతో వెనక రంధ్రం నొక్కిపట్టి
పదిహేను అంకెలు లెక్కపెట్టాం.
ఆ ఇల్లు చెరిగిపోయింది.
"పాపం" అన్నాడు డార్సీ, ఎవరిననో తెలీదు.

వైఫైలన్నీ కిక్కిరిసిన సందు వదిలేసి
పెద్ద రోడ్డు లాంటి చానెల్ ఒకటి వెతికాం.
రోబోకో ఇంటి నంబరు, లాప్‌టాప్‌కో ఇంటి నంబరు,
ఎన్నిసార్లు ఆపి లేపినా మారనివి.

పింగ్ అంటే ఏంటన్నాడు డార్సీ.
చెప్పబోయి ఆగాను.
కరెంటు పోయిన రాత్రుల్లో మా అన్నయ్య కథ చెబితే
చీకట్లోంచి నేను ఊఁ కొట్టాలి.
ఊఁ ఆగిందా, కథ అక్కడే ఆగుతుంది.
అదే ఇది, అన్నాను.
ఆ రోజు నుంచి ఆ గదిలో పింగ్ అన్నవాళ్ళు లేరు.
"ఊఁ వస్తోందా?"
"మూడు మిల్లీసెకన్లు!"
డార్సీకి ముక్కుతో పలకడం రాక
దూడ అరిచినట్టు వచ్చేది.

నిలబడితే ఊఁ.
మెల్లగా నడిస్తే ఊఁ.
చెయ్యెత్తుతూ నాలుగు చక్రాలూ ఒక్కసారి లాగితే
నిశ్శబ్దం.
నలభై సెకన్ల తర్వాత మళ్ళీ ఊఁ,
ఏమీ ఎరగనట్టు.

చుట్టూ ఇనుము, అదే అడ్డం, అన్నాను.
పగలంతా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి,
దేన్లోంచి ఏది దూరదో నాకు తెలుసు కదా.
ప్లాస్టిక్ లంచ్ బాక్సులో పెట్టించాను,
బాక్సుని పైపు మీదికి ఎక్కించాను.
మూడు గురువారాలు అలా పోయాయి.

నెరిడా లాప్‌టాప్ ముట్టుకోదు, మాట్లాడదు.
ఆ రోజు నేల మీద బోర్లా పడుకుని
మేక కడుపులో పచ్చ దీపాల్నే చూస్తోంది.
"వినపడక కాదు" అంది పైకి లేవకుండానే.
"దానికి తిండి అందట్లేదు. ఆరిపోయి మళ్ళీ లేస్తోంది."

మీటరు పెట్టాం.
మోటార్లు లాగిన ఆ రెప్పపాటులో
పన్నెండు వోల్టులు ఆరుకి పడ్డాయి.
ముందు వరస అన్నం మొత్తం ఊడ్చేస్తే
కడబంతిలో కూర్చున్నవాడికి ఖాళీ విస్తరే.
వడ్డించేవాడు మనవాడై ఉండాలి.
ఆ మనవాడు పదకొండు డాలర్లకి దొరికాడు,
ఆరొచ్చినా తొమ్మిదొచ్చినా
పన్నెండే వడ్డించే చిన్న సర్క్యూట్, అగ్గిపెట్టెంత.
నా మూడు గురువారాల గురించి
ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అడిలైడ్‌కి నాలుగు గంటల ప్రయాణం.
హాల్లో పక్క బడుల పెట్టెలు నిగనిగలాడుతున్నాయి.
మాది లంచ్ బాక్సు, ఒంటికొమ్ము.
రెండో ఆటలో, సరిగ్గా యాభయ్యో సెకనుకి,
గొలుసు ఊడి
మా రోబో మూలన గోడకి ముఖం పెట్టి నిలబడిపోయింది.
డార్సీ స్టిక్కులు వదిలేశాడు.
నెరిడా మాత్రం తెర మీంచి కళ్ళు తీయలేదు,
మూడు, మూడు, నాలుగు, మూడు.
"వింటోంది" అంది.

కొత్త గొలుసు ఎంతవుతుందోనని
మరిసెల్ అప్పటికే డబ్బా మూత తీసింది.