కాలు సాయం

హనుమంతవాక దాటాక, ఎండాడ ఎత్తులో
చప్పుడు లేకుండా ఆగింది అసిరమ్మ బండి.
ఆగిందని ముందు తెలీలేదు నాకు.
నడిచేటప్పుడూ దానికి చప్పుడు లేదు కదా.

"ఇంకా రెండు గీతలున్నాయి అన్నియ్యా,
ఉన్నాయని సెప్పి మరీ సచ్చిపోనాది."
మీటరు మీద వేలితో కొట్టింది,
నిద్రపోయే పిల్లాణ్ణి లేపినట్టు.

నా బండి పక్కకి తెచ్చి
ఎడమకాలు దాని వెనక బంపరుకి ఆనించాను.
గేరు నా చేతిలో,
బరువు నా మోకాల్లో,
దారి ఆమె హ్యాండిల్లో.

దాని నెంబరు ప్లేటు పచ్చన.
కొత్తలో కుంకుమ పెట్టిన చోటే ఇప్పుడు తుప్పు,
సముద్రం ఎవర్నీ కొత్తగా ఉండనివ్వదు ఈ ఊళ్లో.
కొన్నరోజు టెంటు వేశారు, నిమ్మకాయలు తొక్కించారు,
పొగలేని నగరం గురించి ఒకాయన మాట్లాడాడు.
ఆయన ముగించేలోపు పోర్టు వైపు నుంచి
బొగ్గుధూళి వచ్చి తెల్ల కుర్చీల మీద కూర్చుంది
పిలవని పేరంటంలా.

సబ్సిడీ ఖాతాలో పడుతుందన్నారు.
రెండు దీపావళులు వెళ్లాయి.
మొన్న మర్రిపాలెం ఆఫీసులో ఒకే లైన్లో నిలబడ్డాం:
పదిహేనేళ్లు నిండబోయే నా బండి ఫిట్‌నెస్ కోసం నేను,
మూడేళ్లయినా నిండని బండికి
మూతపడ్డ కంపెనీ సంతకం కోసం ఆమె.
కిటికీలో గుమాస్తా ఇద్దరికీ ఒకటే చెప్పాడు.
కొత్త జీవో వస్తుందట, ఆగండి.

ఆగడం మాకు నేర్పాలా?
సిగ్నల్లో, స్టాండులో, ఫైనాన్సువాడి గుమ్మంలో
ఆగి ఆగి టైర్లకంటే ముందు అరిగినవాళ్లం.

"నీ బండి తుక్కు కింద తీసేత్తారట కదా?"
"నీకు టాక్సు మాఫీ ఎత్తేత్తారట కదా?"
ఎవరన్నారో ఇద్దరికీ తెలీదు.
స్టాండులోకి జీవోకంటే ముందు పుకారొస్తుంది,
దానికి చార్జింగు అక్కర్లేదు.

రాత్రిళ్లు కంచరపాలెం సందులో
కిటికీలోంచి లాగిన వైరుకి
కట్టేసిన గేదెలా ఉంటుంది ఆమె బండి.
ఇంటి మీటరుకి పెట్టకూడదంటాడు లైన్‌మన్,
పెట్టొచ్చన్నాడు షోరూము కుర్రాడు.
ఆ కరెంటు పరవాడ నుంచి వస్తుందనుకుంటాను.
అక్కడ మా మేనత్త
ఆరేసిన చీర మీద బూడిద దులిపి
మళ్లీ బకెట్లో వేస్తుంది.
పొగ పోలేదు, ఊరు మారిందంతే
అంటే అసిరమ్మకి కోపం.

"పొగ సంగతి నాకేటి?
లివరు లాగక్కర్లేదు, బుజం నొప్పి పోనాది.
పొద్దున్నే బంకోడికి నాలుగొందలు పెట్టక్కర్లేదు.
ఆ నాలుగొందలు నీకు అగుపడవు,
నా గుంటకి అగుపడతాయి, బళ్లో."

కాదనలేకపోయాను.
ఇప్పటికీ కాదనలేను.

ఎత్తు ఇంకా నిటారైంది, నా ఇంజను దగ్గింది,
వెనక సిటీ బస్సు హారన్‌తో తిట్టింది.
గాలి తిరిగి నా పొగ ఆమె బండిలోకి కొడితే
వెనక సీట్లో యూనిఫాం పిల్ల ముక్కు మూసుకుని,
వేళ్ల పైనుంచి నన్ను చూసి నవ్వింది.
మోకాలు మంటెక్కింది.
తీయబుద్ధి కాలేదు.

పైన, మధురవాడ వైపు దిగుడు మొదలైన చోట,
"కాలు తీసెయ్ అన్నియ్యా" అని అరిచింది.
దిగుడులో కాస్త చార్జి ఎక్కుతుందట దానికి.
ఎంతో ఎవరూ చెప్పలేదు.
నేనూ పెట్రోలు కలిసొస్తుందని
అలవాటుగా ఇంజను ఆపాను.

రెండు బళ్లూ చప్పుడు లేకుండా జారుతున్నాయి.
ఎడమపక్క కొండ, కుడిపక్క ఎక్కడో
ఇళ్ల సందుల్లో ముక్కలుగా సముద్రం.
కింద మలుపులో పోలీసు చెయ్యెత్తాడు.

ఎవరికో.