ఎడమ పెడలు

స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డని ఉంటాది,
ఊరి పేరు ఆమదాలవలస.
రాసిందొకటీ ఉన్నదొకటీ
మాకు కొత్తేం కాదు.

అందుకే మా మేనల్లుడు ఢిల్లేసు
"కొద్దిగా వాడిన డైనమో, బాగా వెలుగుతుంది" అని
నా ఫోన్లో కొడుతుంటే నోరెత్తలేదు.
ఎన్ని వానల్లో ఎవరి చక్రాన్ని కరుచుకుని
మూలుగుతా వెలిగిందో
రాయడానికి అక్కడ గడి లేదు.
కొత్తది, కొత్తలాంటిది, వాడినది.
మూడే గడులు.
మూడోదాంట్లో కొట్టంతా పట్టేసింది,
స్టూలుతో సహా, స్టూలు మీద నాతో సహా.

రెండు గోతాల సామాను.
కిరసనాయిల్లో కడిగి, పాత లుంగీతో తుడిచి,
పొద్దుటెండలో గోనె మీద వరసగా పెట్టి తీస్తాడు,
బడి ఫొటోకి నిలబెట్టిన గుంటల్లాగ.
ఫ్రీవీలు. బెల్లు టోపీ.
స్ప్రింగు తెగిన తోలు సీటు. దాన్ని మాత్రం
తెగినవైపు కనపడకుండా తీశాడు.
నేను చూసి, మళ్ళీ తీయించాను.

అర్ధరాత్రి టింగుమంటాది.
"ఇంకా ఉందా?"
ఉందంటాను.
"లాస్టు ఎంత?"
చెప్తాను.
అవతల మరి మనిషి ఉండడు.

చీపురుపల్లి ఆయనొకడు చైను కవరు కోసం
పదిరోజులు బేరమాడాడు.
ఇరవై తగ్గించమని మొదలెట్టి
ఆరో తరగతిలో పోగొట్టుకున్న సైకిలు రంగు దాకా వెళ్ళాడు.
కొనలేదు. నేను తిట్టుకోనూలేదు.

ఆషాఢంలో ఒక గొంతు వచ్చింది. రాత కాదు, గొంతే.
"బావూ, ఎడం పెడలు ఒక్కటే ఇస్తావేటి?"
నిమ్మక సుందరమ్మంట, సీతంపేట అవతల.

పెడళ్ళంటే జత.
ముప్ఫయ్యేళ్ళుగా ఒంటిది అడిగినోళ్ళు లేరు.
జతే తీసుకోమ్మా, కుడిది అరిగిపోలేదేటి అన్నాను.
"అది కొన్నప్పుడెలాగుందో అలాగే ఉంది బావూ.
దాని మీద నాను కాలెట్టింది లేదు."

సీటెక్కడం రాదు. నేర్పుతానన్నవాడు
నేర్పకుండానే ఎటో పోయాడు, సైకిలొదిలేసి.
కేరేజీకి అటో బస్తా ఇటో బస్తా అనాసపళ్ళు.
ఎగువకి తోసుకుంటా పోతాది.
దిగువొచ్చిందా,
ఎడంకాలు పెడలు మీదేసి నిలబడిపోతాది.
మిగతాది కొండ చూసుకుంటాది.
బ్రేకులున్నాయా అన్నాను.
"సెప్పులున్నాయి" అంది.
పదకొండేళ్ళుగా సంతకి అలాగే.

పెడలు నలభై రూపాయలు.
కొరియరోడు తొంభై అన్నాడు.
పాలకొండ బస్సులో కండక్టరు తవిటినాయుడి చేతిలో పెట్టాను,
బిస్కెట్ల అట్టలో చుట్టి, పైన ఆమె నంబరు రాసి.

బస్సు గేటు దాటిపోయాక గుర్తొచ్చింది.
ఎడందాని మర తిరగేసి ఉంటాది.
తెలీనోళ్ళు బిగించబోయి మర మింగేస్తారు.
గబగబా ఫోను చేశాను.

"తెలుసు బావూ," అంది,
"ఎడందాన్ని ఎనక్కి తిప్పితేనే
బిగుస్తాది."

మర్నాడు అదే బస్సులో పాతది వచ్చింది,
ఇనుముకైనా పనికొస్తాదేమో అని.
రబ్బరు లేదు.
రేకు మధ్యలో అరిగి, పల్చబడి,
బొటనవేలు పట్టేంత గుంట.
ఢిల్లేసు ఫొటో తీసి గడి దగ్గర ఆగిపోయాడు.
"మావా, దీన్ని వాడింది అంటే సాలుతాదేటి?"
ఫోను వాడి దగ్గర్నుంచి తీసుకున్నాను.

దాచుకున్నానని చెప్తే బాగుణ్ణు.
ఆ వారం పాత ఇనుముతో కలిపి తూకానికేసేశాను.
కొట్టుకి అద్దె ఉంటాది.

గోతంలో దాని జత మిగిలిపోయింది.
నిన్న సాయంత్రం నేనే కూర్చుని,
ఒక్కో అక్షరం వెతుక్కుంటా కొట్టాను.
కుడి పెడలు. ఒకటే. ఎడమది వెళ్ళిపోయింది.

రాత్రి ఒంటిగంటకి టింగుమంది.
"ఇంకా ఉందా?"
ఉందన్నాను.
లాస్టు ఎంతని వాళ్ళు అడగలేదు.
ఒకటే ఎందుకని
నేనూ అడగలేదు.