ఖాళీ కొలత

ఆటోనగర్‌లో మా షెడ్డుకి తలుపుల్లేవు,
బోరింగు మిషనే అడ్డం.
శేషుకుమారి గారు కారుని తోయించుకుంటూ వచ్చారు.
రెండే సీట్లు, పైన కప్పు లేదు,
గుంటూరు పొగాకు కంపెనీ దొర ఒకాయన
ఓడెక్కే ముందు అమ్మేసి పోయిన బండి.
ఒకప్పుడు పండుమిరప రంగట,
ఇప్పుడు ఏడాది నిలవ కారం.

"దుర్గమ్మ ఫ్లైఓవరు మీద సిటీ బస్సు నన్ను దాటింది.
పైగా కండక్టరు నవ్వాడు."
అదీ ఆవిడ ఫిర్యాదు.
ముప్పయ్యేళ్ళు కెమిస్ట్రీ చెప్పిన గొంతు,
నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మేనల్లుడు రోహిణీకుమార్‌కి ఆగే ఓపిక లేదు.
"రెండువేల సీసీ జపాను ఇంజను, అత్తా,
యాకోబు స్క్రాపులో ఉంది, దించేద్దాం."
నిజమే, ఉంది. ఎదురుగా లారీ టైరు మీద,
అడ్వాన్సు ఇచ్చేసిన అద్దెదారులా.

దించొచ్చు బాబూ.
ముందు మౌంటింగులు కొయ్యాలి,
గేరుబాక్సు సొరంగం వెడల్పు చెయ్యాలి,
బానెట్టుకి ఎద్దు మూపురం మొలిపించాలి.
ముందు చక్రాల మీద బరువు పడితే స్టీరింగు మొరాయిస్తుంది.
బ్రేకులు పాతవి,
కొత్త వేగం సంగతి వాటికెవరు చెబుతారు?
ఆర్‌సీలో ఇంజను నంబరు దగ్గర గుమాస్తా వేలు ఆగుతుంది.
అన్నీ అయ్యాక పరిగెడుతుంది.
ఏ బండి అని మాత్రం అడక్కూడదు.

"మరి దీన్నే పెద్దది చేస్తే?"

బోరు చెయ్యడమంటే
సిలిండరు గోడని వెంట్రుక మందాన ఒలవడం.
పదిహేను వందలన్నా, రెండువేలన్నా
కొలిచేది ఇనుముని కాదమ్మా, ఇనుము లేని చోటుని.
మా ఉస్తాద్ ఖాజావలి అనేవాడు:
"గోడ చెక్కేకొద్దీ గది పెద్దదైద్దిరా,
పక్కింటి మాటలు గూడా ఇనబడతయ్."
పక్కింట్లో ఉండేది నీళ్ళు.

హెడ్డు విప్పి మసి గీకాను.
పిస్టన్ నెత్తిన అరవై అని అంకె.
ఎవరో ముందే ఆఖరి మెట్టు దాకా దిగిపోయారు.
బ్లాకు మూల మూడు పంచి చుక్కలు.
ఉస్తాద్‌వే.
ఆ రోజుల్లో మిషను కింద ఊడ్చేవాణ్ణి నేను,
ఈ కారు రజను కూడా ఊడ్చే ఉంటాను,
ఏ గోతంలో పోశానో.

మేనల్లుడు యాకోబు వైపు చూశాడు.
ఆవిడ మాత్రం డయల్ గేజి అడిగి తీసుకుని
బోరులో దించి, బ్యూరెట్టు చూసినట్టు
ముల్లు మట్టానికి కన్ను వంచారు.
"గోడ ఎంత మిగిలింది?"
"నీళ్ళు వినపడేంత."
"మళ్ళీ కట్టలేమా?"

ఈ మాట ఆటోనగర్‌లో ఎవరూ అడగరు.
పెద్దది చెయ్యమనే వస్తారు అందరూ.

కట్టాలన్నా ముందు ఇంకొంచెం కొయ్యాలి.
ఆ నాలుగు కోతలకీ ఫ్యాను కట్టేయించాను,
రేడియో కట్టేయించాను,
టూలు తిరుగుతుంటే నీళ్ళ కోసం విన్నాను.
రాలేదు.
బ్లాకుని వేడి చేసి,
సోడాల రంగయ్య దగ్గర తెచ్చిన ఐసులో
లైనర్లు నాలుగూ చల్లబెట్టి దించాం.
పుట్టినప్పటి కొలత. సున్నా.

పక్క సీట్లో నన్నే కూర్చోబెట్టుకున్నారు.
ఫ్లైఓవరు, రెండో గేరు, ఎడమన కొండ, కుడిన కృష్ణ.
వెనక బస్సు హారను.
శేషుకుమారి గారు చెయ్యి బయటికి చాపి
పొమ్మని ఊపారు.
కండక్టరు నవ్వాడో లేదో నేను చూళ్ళేదు,
ఇంజను వింటున్నాను.

పాత పిస్టన్లు నా బల్ల మీద బోర్లించకుండా పెట్టాను.
ఒకదాంట్లో పెన్సిళ్ళు, ఒకదాంట్లో బీడీలు,
ఒకదాంట్లో చిల్లర.
నాలుగోదాంట్లో ఏమీ వెయ్యలేదు.