కారణం అనే గడి

ప్లాటినం జూబిలీకి పుస్తకం వేస్తున్నారట.
"బడి చరిత్ర ఒక్క పేజీ, ఒడియాలో రాసివ్వండి కూర్మయ్య బాబూ,
మంత్రిగారి ఫొటో పక్కన పడుతుంది" అన్నారు
హెడ్మాస్టరు పాణిగ్రాహి. మంచివారే. టీ కూడా తెప్పించారు.

ముప్పైరెండేళ్ల గుమస్తాని.
ఇనప్పెట్టె తాళం నా మొలతాడుకే వేలాడింది.
చరిత్ర అంటే నాకు తెలిసింది
పదకొండు అడ్మిషను రిజిస్టర్లు.

మొదటిదానికి అట్ట లేదు.
బడికీ అప్పటికి తలుపుల్లేవు,
స్టేషను వెనక జనపనార గిడ్డంగి, దాని వసారా.
జూబిలీ లెక్క హైస్కూలైన ఏటి నుంచి;
రిజిస్టరు లెక్క అంతకు పదిహేనేళ్ల ముందు నుంచి.
నూట పన్నెండో పేరు దాకా "గంజాం జిల్లా, మద్రాసు".
నూట పదమూడు నుంచి "గంజాం జిల్లా, ఒరిస్సా".
అదే చెయ్యి, అదే సిరా.
మధ్యలో గీతైనా గియ్యలేదు ఉరిటి పంతులు.
అంత పొడుగు స్కేలు బడిలో లేదేమో.

తర్వాత్తర్వాత తలకట్టు పెట్టుకున్న పేర్లు తగ్గి
గొడుగేసుకున్న పేర్లు పెరిగాయి.
నాకు రెండూ వచ్చు.
జీతం ఒకదానిలో, తిట్లు ఒకదానిలో.
తెలుగు పంతులు పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీ,
ఆ కుర్చీలో ఇప్పుడు
మధ్యాహ్న భోజనం బియ్యం బస్తా కూర్చుంటుంది.

అసలు బడి మాత్రం చివరి గడిలో ఉంది:
"విడిచిన కారణం".
జ్వరం. జ్వరం. ఉడుపులు.
తండ్రి రంగూను పోయెను.
తండ్రి రంగూను నుండి నడిచి వచ్చెను.
పెళ్లి. పెళ్లి. ఫీజు ఆరణాలు.
ఏరు.
వంశధార పొంగిన ఏడు ఆ ఒక్క మాటే పదిహేడుసార్లు.

ఆ ఏడు రిజిస్టర్లూ మునిగాయి.
మేడమీద పేజీలు విప్పి ఆరబెట్టి
గాలికి ఎగిరిపోకుండా పేజీకొక గుంటణ్ణి కూర్చోబెట్టారు.
నేను తొమ్మిదో తరగతి.
పొద్దు వాలేదాకా ఒక కాయితం మీద రెండు చేతులూ ఆన్చి
వేరే పనిలేక చదివాను:
సొంబారి గమాంగో, ఆడ, ఏడో తరగతి, అవతలి గట్టు,
యాభయ్యెనిమిది.
కారణం గడి ఖాళీ.
నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ అక్కడుంది, బురద రంగులో.

పోయిన చైత్రంలో ఒక ముసలామె వచ్చింది.
నుదుటి మీద పచ్చబొట్టు, నిలువుగీత.
ఆధార్ కార్డులో పదేళ్లు చిన్నదైపోయిందట,
భత్తా ఆగిందట.
పేరడిగితే చెప్పింది.
నేను పేజీ వెతకలేదు. చెయ్యే వెళ్లింది.

సర్టిఫికెట్టుకి ఆ గడి నింపాలి.
"ఎందుకు మానేశావమ్మా?"
"మాననేదు బాబు. గంట ఇనబడనేదు.
ఇనబడితే ఏరు దాటి వద్దునని
గట్టుమీద కూకునేదాన్ని."

ఆ రాత్రి సామాన్ల పుస్తకం తీశాను. అదే ఏడు, జూలై:
"గంట నిమిత్తం రైలుపట్టా ముక్క ఒకటి, దొంగిలింపబడెను."
కొత్తముక్క తెచ్చింది మరుసటి జూన్లో.
పదకొండు నెలలు
చప్పట్లు కొట్టి నడిపారు బడి.

గడి ఖాళీగానే ఉంచి సంతకం పెట్టాను.
పాణిగ్రాహి గారు చూడలేదు. లేదా చూశారు.

ఇప్పుడు కరెంటు గంట.
చిన్న రైలు పోయి పెద్ద రైలొచ్చింది,
ఆ పట్టా ముక్క మాత్రం స్టోర్లో, చీపుళ్ల వెనక.
కాయితం పట్టుకెళ్లడానికి ఆమె వచ్చిన రోజు
ఎందుకో దాన్ని బయటికీడ్చి
సైకిలు స్టాండు కమ్మీకి కట్టి
ఒకటే దెబ్బ కొట్టాను.

ఆరో తరగతి గుంటలు బడి వదిలేశారనుకుని
సంచులతో బైటికి పరిగెత్తారు.
ఆమె వాళ్లకి ఎదురు నడిచింది, లోపలికి.

పేజీ సంగతి పాణిగ్రాహి గారు నిన్న మళ్లీ అడిగారు.
టీ ఈసారి నేను తెప్పించాను.