దేవసహాయం ఖాతా

చిలకలగూడ చౌరస్తాల నా పాన్ డబ్బా,
మూడడుగుల ఎడల్పు.
పక్క స్తంభానికి కొబ్బరితాడు యాలాడేది,
కొసకు నిప్పు.
వానకాలం గొడుగు పట్టినగాని ఆరనియ్యలె.

దేవసహాయం లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరు,
రైలుపెట్టెల బ్రేకు పైపులు చూసేటోడు.
పొద్దుటి సైరన్‌కు ముందు నాలుగు,
తిండి యాళ్ళకు జేబుల వేసుకొని పోయేటియి పది,
సాయంత్రం సైకిలు దిగకుండ, ఒక కాలు నేల మీద పెట్టి,
ఇంకో ఆరు.
గీతకొక సిగరెట్టు, అయిదో గీత అడ్డం.
ఖాతా పుస్తకంల ఆయన పేజీ
కట్టెల అడితి లెక్క ఉండేది, మోపులు మోపులు.

మెట్లెక్కుతుంటే రొమ్ముల
ఎవరో తడి సున్నం రాసినట్టుంటదని
ఒకనాడు చెప్పిండు.
చెప్పి, తాడు దగ్గరికి గుంజుకున్నడు.

తర్వాత తగ్గించిండు.
ఇరవై పది అయింది.
పది అయిదైన నాడు
ఉస్మానియా బిస్కెట్లు పావుకిలో తెచ్చి
గిరాకీలందరికీ పంచిండు.
ఆఖరికి మూడు. అవి గూడ లైట్ అని రాసి ఉన్నయి.
చెంపలు గుంటలు పడేట్టు గుంజేటోడు,
ఇరవైటి పొగ మూడిట్ల దొరకాలె గదా.
"రూపాయిల ఎనభై అయిదు పైసల రోగం
పోయినట్టే అన్నా" అనేటోడు.
నేను గూడ లెక్కలు రాసేటోణ్ణే.
నిజమే అనుకున్న.

గుండెకు మా ఎక్కం రాదు.

జనవరిల ఒక ఆదివారం, చర్చి అయినంక,
సీతాఫల్‌మండి స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి
ఇరవై మూడో మెట్టు మీద కూలబడ్డడు.
ఎడమచెయ్యిని పరాయోళ్ళది లెక్క
కుడిచేత్తో పట్టుకున్నడు.
లోకల్ బండి ఒకటి వచ్చింది, ఒకటి పోయింది.
సువార్తమ్మ బైబిలుతోని విసిరింది, గాలి కోసం.
అంగీ జేబుల ఆ దినం మూడోది
ఇంక ముట్టియ్యకుండనే ఉండె.

ఆసుపత్రిల డాక్టరమ్మ తిట్టలేదంట.
"బ్రేకు పైపుల పిసరంత లీకుంటే
బండి పంపిస్తవా, ఫిట్టరుసాబ్?"
అంతే అడిగిందంట.
ఈయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడంట.

ఫిబ్రవరి పేజీకి అలవాటు కొద్దీ
పేరు రాసి, తారీఖు వేసి పెట్టిన.
మొత్తం తెలుపు.
డబ్బా ముందుకెళ్ళి రాలె, మసీదు గల్లీ తిరిగి పోయిండు.
నిజం చెప్త, కోపమొచ్చింది.
మనిషి బతికిండని సంబురం ఒక పక్క,
పోయిన గిరాకి ఒక పక్క.
రెండూ ఒకటే గల్లపెట్టెల పడ్డయి.

ఎండకాలం వచ్చిండు. సోంపు అడిగిండు.
నమలుకుంట ఆగి, ముక్కు ఎగబీల్చి,
"తమలపాకు గింత వాసనొస్తదానే" అన్నడు.
పాతికేండ్లు నా ముందు నిలవడ్డ మనిషి.

ఏడాది దాటితె భయం సగమైతదని
డాక్టరమ్మ చెప్పిందంట.
మిగతా సగం?
"మళ్ళ లెక్కలేనా" అని నవ్వుతడు.
ఆ నవ్వుల గరగర ఇంక పోలె.
ఫుట్‌బ్రిడ్జి నలభై ఒక్క మెట్టు ఎక్కుతడు.
ఇరవై మూడో దాని కాడ ఒక్క ఘడియ ఆగుతడు,
నొప్పికి కాదు,
తెలిసినోళ్ళ ఇల్లు దాటుతున్నట్టు.

పాత బాకీ ముప్పై ఆరు రూపాయలుంది.
ఇస్తనంటడు. చిల్లర లేదంట నేను.
తాడు తీసేసి లైటరు కట్టిన గని
స్తంభం మీద నల్ల మరక అట్లనే ఉంది.

మొన్న అడిగిండు, "మరి నువ్వు?"
"నాదేముందే" అన్న.
"దినాం రెండే."

ఏమనలె.
చెవి మీది పెన్సిలు నాదే తీసుకొని,
ఖాతా తెరిచి,
తన తెల్ల పేజీ మీద తన పేరు కొట్టేసి
నా పేరు రాసిండు.
కింద రెండు గీతలు గీసిండు.