ఒకటిన్నర మార్కు

ఎనిమిదో ప్రశ్నకి జవాబు ఒక్కటే రాశాడు,
మూడు కామా రెండు, బ్రాకెట్లో.
పైన ఖాళీ, కింద ఖాళీ,
పేజీ అంతా అల లేని నీరు.
రెండు సరళరేఖల ఖండన బిందువు
ఎలా వచ్చిందో చెప్పకుండా వచ్చేసింది.
ఎర్ర పెన్నుతో గీకాను: స్టెప్పులేవీ?
రెండుకి అర మార్కు.

వాసుపల్లి ఎల్లాజీ, తొమ్మిది బి.
పెద జాలరిపేట నుంచి
చెప్పుల్లో ఇసుకతో వచ్చేవాడు.
పేపరు తిప్పి తిప్పి చూసి అన్నాడు:
"స్టెప్పులేటి మేడమ్,
నీటి మీద స్టెప్పులుంటాయేటి?"
క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు.
ఇరవై రెండేళ్ల సర్వీసులో
నవ్వు ఆపుకోవడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

శనివారం, ఒంటిపూట బడి.
"రా మేడమ్, సూపిస్తాను" అని
వలలు ఆరేసిన ఒడ్డుకి తీసుకుపోయాడు.
ఎండుతున్న కవ్వళ్ల వాసన.
బోర్లించిన ఫైబరు బోటు మీద కూచోమన్నాడు.
కూచున్నాను గానీ, బోర్డు లేని చోట
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"అదిగో, డాల్ఫిన్ నోస్ మీద లైటవుసు.
బోటు ఎల్తా ఉంటే అది జరిగి జరిగి
కొండ కొస మీదకొస్తాది. అదొక గీత.
ఇటేపు కైలాసగిరి. దాని బుజమ్మీంచి
సింహాచలం కొండ తొంగి సూస్తాది. అదింకో గీత.
రెండూ ఒక్కపాలే కుదిరినాయంటే
కింద రాళ్లపారు ఉన్నట్టే.
ఇంక గేలం ఏసీడమే."

"గుర్తు చెరిగిపోతే?" అన్నాను,
పరీక్ష పెడుతున్నట్టు.

"మా తాత గుర్తు ఒక తాడిసెట్టు.
దాన్ని కొట్టీసి హోటలు కట్టినారు.
మా నాన్న గుర్తు ఆ హోటలు.
రాయి అక్కడే ఉంది గదా మేడమ్."

ప్రతి ఏడాదీ నేను
మూలబిందువుని బోర్డు నడుమ మేకులా దిగ్గొట్టి
అక్షాలు రెండూ దానికి కట్టేసేదాన్ని.
అది మనం పెట్టుకున్నదేననీ
ఎక్కడైనా పెట్టుకోవచ్చనీ
పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యాన్ని
పరీక్షకి రాదని దాటేసేదాన్ని.

"మరి రాత్రిపూట?"

కాసేపు బొటనవేలితో ఇసుక తవ్వాడు.
"రాత్రేల వేరే మేడమ్.
నాన్న నీట్లో చెయ్యి ముంచి ఏదో సూస్తాడు.
నాకు తెల్దు. ఇంకా రానేదు."

ఎంత తేలిగ్గా అన్నాడో ఆ మాట,
ముల్లు తీసి కంచం పక్కన పెట్టినట్టు.
తెల్దు. ఇంకా రానేదు.
నాకు రాని లెక్క ఎవరైనా అడిగితే
"అది పై క్లాసులో వస్తుంది, కూచో" అనేదాన్ని.
ఆ పై క్లాసు కోసం
ఎంతమంది ఇంకా కూచునే ఉన్నారో.

సోమవారం బోర్డు దగ్గర ఓ మెట్టు మీద ఆగిపోయి
"ఇది నాకు తెలీదు, రేపు చెప్తాను" అన్నాను.
సుద్దముక్క చేతిలో చెమటకి మెత్తబడింది.
అంతే, ఇంకేం కాలేదు.
వెనక బెంచీలో గనగళ్ల పైడమ్మ
జూన్ నుంచీ మొదటిసారి చెయ్యెత్తింది,
అడగడానికి కాదు, చెప్పడానికి.
తప్పే చెప్పింది.
ఆ తప్పు వెంట పీరియడంతా నడిచాం,
గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

తర్వాత గాజువాకకి బదిలీ.
ఎల్లాజీ పదిలో లెక్కలు గట్టెక్కాడని ఒకరు,
లేదు, హార్బర్లో బోటెక్కాడని ఒకరు.
రెండూ నిజమే కావచ్చు.
ఆ రెండూ కలిసే చోట వాడుంటాడు,
నేనున్న చోటు నుంచి కనపడదు.

ఇప్పుడు రోజూ బస్సు కిటికీలోంచి
పోర్టు క్రేనూ యారాడ కొండా
ఒకదాని వెనక ఒకటి వచ్చే క్షణం కోసం చూస్తాను.
కుదిరేలోపు లారీ అడ్డొస్తుంది.

ఆ ఏటి జవాబు పత్రాలు
ఎప్పుడో తూకానికి వేసేశారు.
ఒకటిన్నర మార్కు మాత్రం
ఇంకా నా దగ్గరే ఉంది.