రెండేళ్ల ఎడం

నిజ్వా కోట ఎనుక గల్లీల,
ఖంజర్లకు ఎండితీగ చుట్టే దుకాణాల నడుమ
మాది తుపాకుల రిపేరు.
బోర్డు మీద కఫీల్ పేరు, లేత్ మీద నా చెయ్యి.
శుక్రారం మేకల సంత ముగిసి
గడ్డిపోచలు గాలికి తిరుగుతున్న యాళ్ల
ఖల్ఫాన్ ముసలాయన ఒచ్చిండు.
భుజానికి తెల్లోల్ల కాలపు మూడు-సున్నా-మూడు,
చేతుల ఖర్జూరం డబ్బ,
డబ్బల తూటాలు.

"గంగరాజం, దీనికి ముసలితనం ఒచ్చింది,
ఐదిట్ల రెండు మింగుతలేదు" అన్నడు
సగం అరబ్బీల, సగం ఉర్దూల.

తుపాకిని తిట్టుడు అలక.
నేను ముందుగాల తూటాలనే అడుగుత.
కంపెనీవి కావు ఇవి.
కాల్చిన ఇత్తడినే ఏరి, కడిగి,
కొత్త టోపీ పెట్టి, మందు కొలిచి పోసి
ఇంట్ల బల్ల మీద మళ్ల బతికిచ్చినవి.
పనితనం మంచిదే. చెయ్యి వణికిన గుర్తు ఏడ లేదు.

బోల్టుల సూది ఊడదీసి
దస్తీల కట్టి దూరం పెట్టిన.
నాకు పని నేర్పిన బలూచీ ఉస్తాద్
నూర్‌బఖ్ష్ ఎడమ చేతికి మూడేళ్లే.

పైదాని అంచు కిందిదాని ఎనుకకు పడితే
రెండూ పట్టుకొని కొట్లాడుకుంటయి,
క్యాంపుల పొద్దుగాల బస్సెక్కేటోల్ల లెక్క.
ఒక్కొక్కటి ముందుకు జరిపి పేర్చిన.
అది కాదు.
నూనె ఎక్కువ పూసుడంటే ఇసుకకు దావత్ ఇచ్చుడే.
పొడిగుడ్డతోని తుడిచిన.
అదీ కాదు.

ఒక్కొక్కటే చేతితోని పెట్టి చూసిన.
కొన్ని పొయ్యి కాడి పిల్లి లెక్క ఒదిగినయి.
కొన్నిటికి పిడి కిందికి దిగది,
రెండేళ్ల ఎడంల నిలవడ్డది.
నల్ల మార్కర్ పూసి, పెట్టి, తీసిన.
భుజం కాడ నలుపు చెరిగి
ఇత్తడి మెరిసింది.

పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి
ఆ గది గోడలకు అంటుకుంటది.
ఏ తుపాకిల కాలితే దాని కొలతే దీని కొలత.
భూతద్దం కింద అంచులు చూసిన:
మంచియాటికి కొండి గుంజిన సన్నగీత,
నిలవడ్డయాటికి వెడల్పు గీత.

"ఇవి ఈ తుపాకియి కావు బాబా."

ఆయన ఫింజాన్ ఊపిండు, ఇంక చాలని.
నేను ఇంకా కహ్వా పొయ్యనే లేదు.

"హిమ్యర్‌వి" అన్నడు శానాసేపటికి.
ఇద్దరన్నదమ్ములు ఒక్కదినం కొన్న జోడి తుపాకులట.
రెండోదాన్ని ఆయన కొడుకు సూర్‌ల అమ్ముకున్నడట.
"వాదీల, మనుమని పెండ్లికి
పక్కపక్కన నిలవడి కాల్చినం.
నేనే ఒంగి ఏరిన.
ఏరేటప్పుడు ఎవలియి ఏవో చూస్తమా?"

పన్నెండు తేలినయి డబ్బల.
"మీరు మెడ మట్టుకే ఒత్తిన్రు.
గుండు పీకి, మందు ఒంపి
డైల పూరా ఒత్తితే దీంట్ల పడుతయి."
"ఒత్తితే, ఆయన తుపాకి కొలత పోతదా?"
"పోతది."
ఇంకేం చెప్పాలె.

అసర్ అజాన్ దాంక డబ్బ మూత
తీసుకుంట, పెట్టుకుంట కూసున్నడు.
"పదకొండు ఒత్తు" అన్నడు. "ఒకటొద్దు."

ప్రెస్సుల పోయేటప్పుడు ఇత్తడి
తలుపు సందుల ఏలు పడ్డట్టు చిన్నగ మూలుగుతది.
పదకొండుసార్లు ఇన్నడు ఆయన,
రోడ్డు దిక్కే చూసుకుంట.

ఆ ఒక్కటి, మందు తీసిన ఖాళీది,
మరిచిపోయిండో విడిచిపెట్టిండో
నా బల్ల మీదనే ఉంది.
బిల్లులు ఎగరకుంట పెడుత.

నాది రెండేళ్ల వీసా, ఇది ఏడోది.
మొన్న సెలవుల కోరుట్ల పోయి
మా ఇంటి దర్వాజ కాడ
తల ఒంచుడు మరిచి గుద్దుకున్న.
అందరు నవ్విన్రు, నేను సుత.
నొసలు కమిలిన జాగ ఇప్పుడు కానొస్తలేదు.

తూటా భుజం మీద మార్కర్ నలుపు
ఇంకా పూరా పోలే.